నొప్పి తగ్గినా ఎముక ఎందుకు తరుగుతోంది? రుమటాయిడ్ కీలులో ఏ సంకేతం ఏ పని చేస్తుంది

కీలుబొమ్మ (ప్రశ్న):

రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ళ మీదే దాడి చేసే కీళ్ళవాతం) పాఠం చదువుతున్నాను. పుస్తకంలో బొమ్మ చూస్తే టీఎన్‌ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6, ఐఎల్-17 అనే సంకేత ప్రోటీన్లు అన్నింటి నుంచీ అన్నింటికీ బాణాలే. అందరూ అన్నీ చేస్తున్నట్టుంది, ఎవరి పని ఏదో తేలడం లేదు. నా తికమక మూడు చోట్ల.

ఒకటి, నొప్పి మాత్రలతో వాపు, నొప్పి తగ్గినా ఎక్స్‌రేలో ఎముక అరుగుదల పెరుగుతూనే ఉంటుందంటారు. అదే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందు వాడితే వాపు సరిగ్గా తగ్గని వాళ్ళలో కూడా అరుగుదల నెమ్మదిస్తుందంటారు. వాపు వల్లే నష్టం అయితే ఈ రెండూ ఎలా కుదురుతాయి?

రెండు, టీఎన్‌ఎఫ్‌ను అందుకునే రిసెప్టర్, సంకేతాన్ని కణం లోపల చేరవేసే జాక్ ఎంజైములను వాడుకోదు కదా. మరి జాక్ నిరోధకాలు టీఎన్‌ఎఫ్ మందులకు దీటుగా ఎలా పనిచేస్తున్నాయి?

మూడు, ఇవన్నీ సైనోవియల్ ఫైబ్రోబ్లాస్టుల (కీలు లోపలి పొర కణాల) కల్చర్‌లో, అంటే వాటిని డిష్‌లో పెంచి, చూపించాలంటే ఏ మోతాదు, ఎంతసేపు? మా బ్యాచ్‌లో ఒక్కొక్కరికి ఒక్కో ఫలితం వస్తోంది. ఒకరికి టీఎన్‌ఎఫ్ ఇవ్వని డిష్‌లో కూడా ఐఎల్-6 బాగా వచ్చింది.

వాతవైద్యం:

బాణాల బొమ్మ కాసేపు పక్కన పెట్టండి. ఒక సంకేతం ఏం చేస్తుందన్నది అది ఏ కణానికి తగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. అదే టీఎన్‌ఎఫ్ రక్తనాళపు గోడకు తగిలితే తెల్లకణాలకు దారి తెరుచుకుంటుంది. పొరలోని ఫైబ్రోబ్లాస్టుకు తగిలితే ఎంజైములు ఊరతాయి. మోనోసైటుకు తగిలితే అది ఎముకను తినే కణంగా మారడానికి సిద్ధపడుతుంది. పుస్తకం ఈ మూడింటినీ ఒకే బాణంగా గీసేసి మనల్ని తిప్పలు పెడుతుంది.

కాబట్టి కీలు నుంచే మొదలుపెడదాం. మామూలు కీలులో సైనోవియల్ పొర లోపలి వరస 1 నుంచి 3 కణాల మందమే. అందులో కొన్ని మాక్రోఫేజ్ తరహావి, కొన్ని ఫైబ్రోబ్లాస్ట్ తరహావి. ఈ వరస కింద బేస్‌మెంట్ పొర ఉండదు, అందుకే రక్తంలోంచి వచ్చేది ద్రవంలోకి సులువుగా దిగుతుంది. మామూలు మోకాలిలో ఆ ద్రవం కొద్ది మి.లీ. మాత్రమే, తెల్లకణాలు ఘన మిల్లీమీటరుకు 200 లోపు. రుమటాయిడ్‌లో లోపలి వరస 10 కణాల మందం కూడా దాటుతుంది. ద్రవంలో తెల్లకణాలు సాధారణంగా 2,000 నుంచి 50,000 దాకా ఉంటాయి, ఎక్కువ భాగం న్యూట్రోఫిల్స్. (50,000 దాటితే మాత్రం రుమటాయిడే కదా అని వదిలేయకూడదు. కీలులో చీము పట్టిందేమో చూడాల్సిందే. రెండూ కలిసే ఉండొచ్చు కూడా.) సిరంజి సూది చివర నుంచి వదిలి చూస్తే మామూలు ద్రవం తీగలా సాగుతుంది, రుమటాయిడ్ ద్రవం నీళ్ళలా చుక్కలు చుక్కలుగా రాలుతుంది. హయలురోనిక్ ఆమ్లం పలచబడి, తునకలైపోవడమే కారణం.

ఇక మీ మొదటి తికమక. అక్కడ జరిగేది ఒక పని కాదు, మూడు పనులు: వాపు-నొప్పి, మృదులాస్థి (ఎముక చివర మీది మెత్తటి కప్పు) నష్టం, ఎముక నష్టం. మూడింటికీ మొదట్లో సంకేతాలు ఉమ్మడే, తర్వాత దారులు చీలతాయి. నొప్పి మాత్ర ఏ చీలికలో అడ్డుపడుతుందో చూస్తే మీ ప్రశ్న సగం విడిపోతుంది. టీఎన్‌ఎఫ్, ఐఎల్-1 తగిలిన కణంలో కాక్స్-2 అనే ఎంజైము పెరుగుతుంది, దాని నుంచి ప్రోస్టాగ్లాండిన్ ఈ2 వస్తుంది, అది నరాల చివరలను సున్నితం చేసి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. డైక్లోఫెనాక్, న్యాప్రోక్సెన్ లాంటివి ఆ కాక్స్ దగ్గరే ఆపుతాయి. కానీ అదే కణంలో ఎన్‌ఎఫ్-కప్పా-బి (ఆ సంకేతాలతో లేచి జన్యువులను పనిలోకి దించే ప్రోటీన్) పుట్టించే ఎమ్‌ఎమ్‌పీ అనే కోత ఎంజైముల జోలికి, ఎముకను తినే కణాలను పుట్టించే ర్యాంకెల్ జోలికి చెప్పుకోదగ్గంతగా పోవు. రోగికి హాయిగా ఉంటుంది, ఎముక తరుగుతూనే ఉంటుంది.

మృదులాస్థి సంగతి కాస్త దగ్గర నుంచి చూడండి. దాని బలం రెండు వస్తువులది. ఒకటి టైప్-2 కొల్లాజెన్ వల, రెండోది ఆ వలలో ఇరుక్కుని నీటిని పీల్చి పట్టుకునే అగ్రెకాన్. ఐఎల్-1, టీఎన్‌ఎఫ్ తగలగానే కాండ్రోసైట్లు (మృదులాస్థి కణాలు) కొత్త వల అల్లడం తగ్గించి, ఉన్నదాన్ని కోసే ఎంజైములు చేస్తాయి. కోత వరసగా జరుగుతుంది. ముందు అడామ్‌టీఎస్-4, అడామ్‌టీఎస్-5 అగ్రెకాన్‌ను కోస్తాయి. ప్రయోగశాలలో మృదులాస్థి ముక్కకు ఐఎల్-1, ఆంకోస్టాటిన్-ఎమ్ అనే ఇంకో సంకేతం కలిపి ఇస్తే అగ్రెకాన్ మొదటి కొద్ది రోజుల్లోనే ద్రవంలోకి వచ్చేస్తుంది. కొల్లాజెన్ మాత్రం మొదటి వారం దాకా పెద్దగా కదలదు, ఆ తర్వాత ఎమ్‌ఎమ్‌పీ-1, ఎమ్‌ఎమ్‌పీ-13 పని కనబడుతుంది. ఇవి మూడు పేటల తాడును ఒకే చోట, మూడు వంతులు ఒక వైపు, ఒక వంతు ఇంకో వైపు వచ్చేలా కోస్తాయి. కోసిన చోట పేటలు విడిపోతాయి, మిగతాది జెలటినేజులు నమిలేస్తాయి. ఎమ్‌ఎమ్‌పీ-3 తాను కొల్లాజెన్ తాడును కోయలేదు గానీ నిద్రలో ఉన్న మిగతా ఎమ్‌ఎమ్‌పీలను లేపుతుంది. రుమటాయిడ్ రోగుల రక్తంలో అది పెరిగి కనబడడం ఈ గొడవకు గుర్తే.

ఈ వరస ఎందుకు పట్టించుకోవాలంటే, అగ్రెకాన్ పోయిన దశలో మంట (ఇన్‌ఫ్లమేషన్) ఆగితే కొంత తిరిగి కూడుతుంది. కొల్లాజెన్ వల తెగితే అంతే సంగతులు. పెద్దవాళ్ళ మృదులాస్థిలో కొల్లాజెన్ సగం మారడానికి వందేళ్ళు పైనే పడుతుందని లెక్క తేలింది, అంటే మనిషి జీవితకాలంలో అది మారదనే అర్థం.

పెట్రీడిష్:

పైన చెప్పినదానికి ఎముక భాగం నేను కలుపుతాను, తర్వాత కల్చర్ సంగతికి వస్తాను.

ఎముకను తినేది వాపు కాదు, ఆస్టియోక్లాస్ట్. మోనోసైట్ జాతి కణాలు ఎమ్-సీఎస్‌ఎఫ్, ర్యాంకెల్ అనే రెండు సంకేతాలు అందుకుని ఒకదానిలో ఒకటి కలిసిపోయి, చాలా కేంద్రకాలున్న పెద్ద కణం అవుతాయి. అది ఎముక మీద చూషణ గిన్నెలా అంటుకుని, అంచు చుట్టూ ఆక్టిన్ వలయంతో మూసేసి, లోపలికి ప్రోటాన్లు పంపుతుంది. ఆ మూసిన గదిలో పీహెచ్ 4.5 దాకా దిగుతుంది, ఖనిజం కరుగుతుంది, మిగిలిన కొల్లాజెన్‌ను కెథెప్సిన్-కే కోస్తుంది. ర్యాంకెల్‌ను దారిలోనే పట్టుకునే ఎర రిసెప్టర్ ఓపీజీ. అసలు లెక్క ఈ రెండింటి నిష్పత్తిలోనే ఉంది. ఐఎల్-6, ఐఎల్-17, టీఎన్‌ఎఫ్ ర్యాంకెల్‌ను పెంచుతాయి, పైగా టీఎన్‌ఎఫ్ మోనోసైట్లను ర్యాంకెల్‌కు త్వరగా స్పందించేలా తయారుచేస్తుంది.

ర్యాంకెల్ టీ-కణాల నుంచే వస్తుందని చాలామంది రాస్తుంటారు. టీ-కణాలు చేస్తాయి, నిజమే. కానీ ఎలుకల్లో ఏ కణం నుంచి ర్యాంకెల్ తీసేస్తే అరుగుదల ఆగుతుందో విడివిడిగా చూసినప్పుడు, సైనోవియల్ ఫైబ్రోబ్లాస్టులదే ముఖ్య వాటా అని తేలింది. టీ-కణాల నుంచి తీసేస్తే పెద్దగా తేడా రాలేదు. పరీక్షలో రాసేటప్పుడు ఫైబ్రోబ్లాస్ట్ పేరు ముందు రాయండి.

వాపు వేరు, ఎముక నష్టం వేరు అనడానికి గట్టి సాక్ష్యం కూడా ఎలుకలదే. మానవ టీఎన్‌ఎఫ్‌ను అతిగా చేసే ఎలుకలకు కీళ్ళవాతం దానంతటదే వస్తుంది. వాటిలోనే సీ-ఫాస్ జన్యువు లేకుండా చేస్తే ఆస్టియోక్లాస్టులు పుట్టవు. అప్పుడు వాపు అలాగే ఉంటుంది, ఎముక అరగదు. మనుషుల్లో దీనికి జోడీ డెనోసుమాబ్. అది ర్యాంకెల్‌ను పట్టుకునే యాంటీబాడీ. మెథోట్రెక్సేట్ (రుమటాయిడ్‌కు వాడే మూల మందు) తీసుకుంటున్న రోగులకు 6 నెలలకోసారి 60 లేదా 180 మి.గ్రా. ఇచ్చి చూసిన పరీక్షలో ఎముక అరుగుదల తగ్గింది. కీలు సందు తగ్గడం, అంటే మృదులాస్థి నష్టం, మారలేదు. వాపు, నొప్పి కూడా మారలేదు. ఒక్క మందు మూడు దారులనూ విడదీసి చూపించింది.

మీ మొదటి ప్రశ్నలో రెండో సగం దీనికి అద్దంలో బొమ్మ. ఇన్‌ఫ్లిక్సిమాబ్ (టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందు), మెథోట్రెక్సేట్ కలిపి ఇచ్చిన అట్రాక్ట్ పరీక్షలో వాపు, నొప్పి లెక్కల్లో మెరుగు కనబడని వాళ్ళలో కూడా ఎక్స్‌రే నష్టం బాగా తగ్గింది. ఎముక దారి టీఎన్‌ఎఫ్ మీద ఎక్కువ ఆధారపడి ఉంటే, టీఎన్‌ఎఫ్ కొంత తగ్గినా అది మూసుకుపోతుంది. వాపుకు వేరే సంకేతాలు కూడా ఆజ్యం పోస్తుంటాయి కాబట్టి అది మిగిలిపోతుంది. నేను ఇలా అర్థం చేసుకుంటాను.

ఇంకొక్క ముక్క. రుమటాయిడ్‌లో అరిగిన ఎముక మళ్ళీ పూడడం ఎందుకు అంత అరుదు? టీఎన్‌ఎఫ్ ఫైబ్రోబ్లాస్టుల చేత డీకేకే-1 చేయిస్తుంది, అది వింట్ సంకేతాన్ని ఆపి ఎముక కట్టే ఆస్టియోబ్లాస్టులను పడుకోబెడుతుంది. అంటే కూల్చేవాళ్ళకు పని ఎక్కువ, కట్టేవాళ్ళకు సెలవు. ఎలుకల్లో డీకేకే-1ను అడ్డుకుంటే అరుగుదలకు బదులు ఎముక మొలకలు వచ్చాయి, ఆస్టియోఆర్థ్రైటిస్‌లో (వయసుతో వచ్చే కీళ్ళ జబ్బులో) కనబడే తరహావి.

కల్చర్ గురించి విడిగా రాస్తాను, పెద్దదవుతుంది.

నలుపుతెలుపు:

ఎక్స్‌రే వైపు నుంచి ఒక సంగతి. అరుగుదల ఎక్కడ మొదలవుతుందో చూస్తే పై మాటలన్నీ కంటికి కనబడతాయి. మృదులాస్థి కప్పు అయిపోయే చోటికీ సైనోవియల్ పొర అతుక్కునే చోటికీ మధ్య కొద్దిపాటి ఎముక ఏ కప్పూ లేకుండా ఉంటుంది. పొర నేరుగా ఎముకను తాకేది అక్కడే, మొదటి గుంత పడేదీ అక్కడే. చేతిలో చూపుడు వేలు, మధ్య వేలు మెటాకార్పల్ (అరచేతి ఎముక) తలల బొటనవేలి వైపు అంచు, మణికట్టులో అల్నా (ముంజేతిలో చిటికెన వేలి వైపు ఎముక) కొన, పాదంలో ఐదో మెటాటార్సల్ (చిటికెన వేలి వెనక ఎముక) తల బయటి అంచు చూడండి. పాదం ఎక్స్‌రే తీయకుండా అరుగుదల లేదని రాయడం పెద్ద తప్పు. చాలామందిలో పాదమే ముందు చెబుతుంది.

ఎక్స్‌రేలో గుంత కనబడేసరికి చాలా ఎముక పోయి ఉంటుంది. ముందే చూడాలంటే ఎమ్‌ఆర్‌ఐలో మజ్జ వాపు చూడాలి. అది కేవలం నీరు కాదు, ఎముక లోపలి వైపు నుంచి కణాలు చేరిన ఆస్టియైటిస్. రాబోయే గుంతకు దానికంటే గట్టి సూచన లేదు. అల్ట్రాసౌండ్‌లో అయితే పవర్ డాప్లర్‌లో (రక్త ప్రవాహాన్ని రంగుగా చూపే పద్ధతి) పొరలో రంగు వెలుగుతోందా అని చూస్తాం. ప్రోబ్‌ను గట్టిగా నొక్కితే చిన్న రక్తనాళాలు మూసుకుపోయి రంగు మాయమవుతుంది, అప్పుడు మంట లేదని రాసేస్తారు. జెల్ దట్టంగా వేసి, ప్రోబ్ బరువు కూడా పడకుండా పట్టుకోవాలి. చల్లటి చేతిలో కూడా రంగు తగ్గి కనబడుతుంది.

కీలుబొమ్మ:

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. ఒక అనుబంధ ప్రశ్న. రక్తంలో మంటకు గుర్తుగా కొలిచే సీఆర్‌పీ మామూలుగా ఉంటే ఈ దారులన్నీ మూసుకున్నట్టేనా?

వాతవైద్యం:

కాదు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు.

సీఆర్‌పీని కీలు చేయదు, కాలేయం చేస్తుంది, అదీ ముఖ్యంగా ఐఎల్-6 చెబితే. కీలులో పుట్టిన ఐఎల్-6 రక్తంలోకి చాలినంత వస్తేనే సీఆర్‌పీ కదులుతుంది. రెండు మూడు చిన్న కీళ్ళలో మంట ఉంటే ఎముక తరుగుతున్నా సీఆర్‌పీ మామూలుగానే ఉండొచ్చు. సీఆర్‌పీ సగం ఆయువు సుమారు 19 గంటలు, కాబట్టి సంకేతం ఆగితే రోజుల్లో పడిపోతుంది. ఈఎస్‌ఆర్ (ఎర్రకణాలు ఎంత వేగంగా అడుగుకు దిగుతాయో చూసే పరీక్ష) రక్తంలోని ఫైబ్రినోజెన్ ప్రోటీన్ మీద, రక్తహీనత మీద ఆధారపడుతుంది, అందుకే ఆలస్యంగా దిగుతుంది. ఆ రక్తహీనత కూడా ఐఎల్-6 పనే. కాలేయంలో హెప్సిడిన్ అనే హార్మోన్‌ను పెంచి ఇనుమును నిల్వల్లోనే బంధిస్తుంది. ఫెరిటిన్ (ఇనుము నిల్వకు గుర్తు) బాగానే ఉంది కదా, హీమోగ్లోబిన్ ఎందుకు తక్కువ అని అడిగే ప్రశ్నకు జవాబు ఇదే.

టోసిలిజుమాబ్ ఇచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. అది ఐఎల్-6 రిసెప్టర్‌ను మూసేస్తుంది కాబట్టి కీలులో ఏం జరుగుతున్నా సీఆర్‌పీ నేలకు పడిపోతుంది. డీఏఎస్28 (28 కీళ్ళు చూసి జబ్బు తీవ్రతకు వేసే మార్కు) లెక్కలో సీఆర్‌పీ లేదా ఈఎస్‌ఆర్ ఒక భాగం కదా, అందుకే ఆ మందు మీద ఉన్నవాళ్ళలో అది 2.6 కంటే తక్కువ వచ్చి, జబ్బు అణిగినట్టు కనబడుతుంది. రక్త పరీక్ష లేని సీడీఏఐ అనే మార్కు వాడండి. అందులో అణిగింది అనాలంటే 2.8 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. జాక్ నిరోధకాలు కూడా సీఆర్‌పీని ఇలాగే దింపుతాయి. ఇంకా ముఖ్యం, టోసిలిజుమాబ్ మీద ఉన్న రోగికి న్యుమోనియా వచ్చినా సీఆర్‌పీ పెరగకపోవచ్చు, జ్వరం కూడా మందంగా ఉండొచ్చు. సీఆర్‌పీ బాగుంది కాబట్టి ఇన్‌ఫెక్షన్ లేదు అన్న మాట ఆ రోగి విషయంలో చెల్లదు. డీఏఎస్28 లెక్కించే 28 కీళ్ళలో పాదాలు లేవన్న సంగతి కూడా గుర్తుంచుకోండి, పైన పాదం గురించి అన్నదానికి ఇది తోడు.

పొద్దున్నే కీళ్ళు బిగుసుకుపోవడం కూడా ఇదే కథ. ఐఎల్-6 రాత్రి చివర్లో పెరిగి తెల్లవారుజామున శిఖరానికి చేరుతుంది. ప్రెడ్నిసోలోన్ (స్టెరాయిడ్ మాత్ర) పొద్దున 8 గంటలకు వేసుకుంటే మంట ముగిసే వేళకు మందు వచ్చినట్టు. అందుకే రాత్రి 10 గంటలకు మింగితే సుమారు 4 గంటల తర్వాత, అంటే 2 గంటల ప్రాంతంలో విడుదలయ్యే ప్రెడ్నిసోన్ మాత్ర తయారుచేశారు. అదే మోతాదుతో పొద్దుటి బిగుసు తగ్గింది. మామూలు మాత్ర రాత్రి మింగితే ఈ ఫలితం రాదు, అది అప్పుడే విడుదలైపోతుంది.

పెట్రీడిష్:

ముందు మీ రెండో తికమక, జాక్.

మీరన్నది నిజం, టీఎన్‌ఎఫ్ రిసెప్టర్ జాక్‌ను వాడదు. ఐఎల్-1, ఐఎల్-17 కూడా వాడవు. జాక్‌ను వాడేవి ఐఎల్-6 కుటుంబం, ఇంటర్‌ఫెరాన్లు, జీఎమ్-సీఎస్‌ఎఫ్, ఐఎల్-2, ఐఎల్-7, ఐఎల్-15 లాంటివి. కానీ టీఎన్‌ఎఫ్ తగిలిన ఫైబ్రోబ్లాస్ట్ ఊరుకోదు. కొద్ది గంటల్లో తానే ఇంటర్‌ఫెరాన్-బీటా, ఐఎల్-6, ఎల్‌ఐఎఫ్ చేసి బయటికి వదులుతుంది. అవి అదే కణానికీ పక్కకణానికీ తగిలి జాక్ ద్వారా స్టాట్1, స్టాట్3 అనే ప్రోటీన్లను లేపుతాయి. ఇది రెండో అల. సీఎక్స్‌సీఎల్10 లాంటి కీమోకైన్లు, అంటే టీ-కణాలను పిలిచే సంకేతాలు, ఎక్కువగా ఈ రెండో అలలోనే వస్తాయి. టోఫాసిటినిబ్ అనే జాక్ నిరోధకం మొదటి అలను ముట్టుకోకుండా రెండో అలను ఆపుతుంది. డిష్‌లో చూపించాలంటే టీఎన్‌ఎఫ్ ఇచ్చిన 15 నిమిషాలకు స్టాట్1 ఫాస్ఫొరిలేషన్ (అది లేచిందనడానికి గుర్తు) చూస్తే ఏమీ కనబడదు, గంటలు గడిచాక చూస్తే కనబడుతుంది. టైమ్ పాయింట్ తప్పు ఎంచుకుని జాక్‌కు సంబంధం లేదని తేల్చేస్తుంటారు.

ఐఎల్-6లో ఒక మెలిక ఉంది. ఫైబ్రోబ్లాస్టుల మీద ఐఎల్-6 రిసెప్టర్ చాలా తక్కువ, దానికి జతగా సంకేతాన్ని లోపలికి పంపే జీపీ130 మాత్రం ఉంటుంది. కాబట్టి డిష్‌లో ఉత్త ఐఎల్-6 పోస్తే పెద్దగా ఏమీ కాదు. కరిగే ఐఎల్-6 రిసెప్టర్ కూడా కలిపి పోయాలి. కీలు ద్రవంలో ఆ కరిగే రిసెప్టర్ ఇప్పటికే ఉంటుంది, అందుకే అక్కడ పనిచేస్తుంది. ఐఎల్-17 కూడా ఒంటరిగా బలహీనం. టీఎన్‌ఎఫ్‌తో కలిస్తేనే దాని సత్తా తెలుస్తుంది, ముఖ్యంగా ఐఎల్-6, ఐఎల్-8 ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ త్వరగా విరిగిపోకుండా కాపాడుతుంది కాబట్టి.

ఇప్పుడు కల్చర్. కీలు మార్పిడి శస్త్రచికిత్సలో తీసేసే పొరను కొవ్వు, నారపట్టీ తొలగించి సన్నగా తరిగి, కొల్లాజినేజ్ మి.లీ.కు 1 నుంచి 2 మి.గ్రా. వేసి 37 డిగ్రీల దగ్గర 1 నుంచి 2 గంటలు కదుపుతూ ఉంచాలి. ఎక్కువసేపు ఉంచితే కణం పైన ఉన్న రిసెప్టర్లు కూడా తెగుతాయి. 70 మైక్రాన్ల జల్లెడ పట్టి, 10 శాతం సీరంతో డీఎమ్‌ఈఎమ్ అనే మీడియం (పోషక ద్రావణం)లో పెంచండి. మొదటి పాసేజీల్లో (డిష్ నిండాక కణాలను కొత్త డిష్‌కు మార్చే ఒక్కో విడత ఒక పాసేజ్) మాక్రోఫేజులు మిగిలి ఉంటాయి. టీఎన్‌ఎఫ్ ఇవ్వని డిష్‌లో కూడా ఐఎల్-6 రావడానికి నేను మొదట అనుమానించేది దాన్నే, అవి టీఎన్‌ఎఫ్‌ను తామే చేసుకుంటాయి. 4 నుంచి 8వ పాసేజ్ మధ్య వాడండి, సీడీ14 (మాక్రోఫేజుల గుర్తు) రంగు వేసి మాక్రోఫేజులు లేవని చూపించండి. అంతకు మించి పోతే కణాలు ముసలివై, ఏ సంకేతమూ లేకుండానే ఐఎల్-6 వదులుతుంటాయి.

ప్రయోగానికి ముందు రోజు సీరం 0.5 నుంచి 1 శాతానికి తగ్గించండి. టీఎన్‌ఎఫ్ మి.లీ.కు 10 నానోగ్రాములు, ఐఎల్-1 బీటా అయితే 1 నానోగ్రాము చాలు. సమయాలు ఇలా: ఐ-కప్పా-బి ఆల్ఫా (ఎన్‌ఎఫ్-కప్పా-బి ని కట్టి ఉంచే ప్రోటీన్) 15 నిమిషాలకు మాయమవుతుంది, గంట ప్రాంతానికి తిరిగి వస్తుంది, ఎందుకంటే దాని జన్యువును ఎన్‌ఎఫ్-కప్పా-బి యే లేపుతుంది. పీ65 (ఎన్‌ఎఫ్-కప్పా-బి లో ఒక భాగం) కేంద్రకంలోకి పోవడం 30 నిమిషాలకు చూడండి. ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ 4 గంటలకు. ఐఎల్-6, ఎమ్‌ఎమ్‌పీ-3 ప్రోటీన్ 24 గంటలకు. ఒక్క 60 నిమిషాల పాయింటే తీసి ఐ-కప్పా-బి తగ్గలేదు, టీఎన్‌ఎఫ్ పనిచేయలేదు అని రాసేవాళ్ళు ఉన్నారు. అప్పటికి అది పోయి మళ్ళీ వచ్చేసింది.

పీ38, జేఎన్‌కే అనే ఒత్తిడి సంకేత ఎంజైములను చూసేటప్పుడు ఇంకో ఉచ్చు ఉంది. మీడియం మార్చడమే ఒత్తిడి సంకేతం, చల్లటి మీడియం అయితే మరీను. మార్చిన వెంటనే కొలిస్తే కంట్రోల్‌లో కూడా బ్యాండ్ వస్తుంది. మీడియం ముందే మార్చి కొన్ని గంటలు వదిలేసి, టీఎన్‌ఎఫ్‌ను పదోవంతు ఘనపరిమాణంలో, 37 డిగ్రీల దగ్గర వెచ్చబెట్టి, కంట్రోల్‌కు కూడా అంతే మీడియం పోసి, మెల్లగా కలపాలి.

కంట్రోల్‌లో ఐఎల్-6 రావడానికి రెండో అనుమానితుడు ఎండోటాక్సిన్, అంటే బ్యాక్టీరియా పొరలోని ఎల్‌పీఎస్ అనే విషం. ఈ ఫైబ్రోబ్లాస్టులకు దాన్ని పసిగట్టే టీఎల్‌ఆర్4 ఉంటుంది, బ్యాక్టీరియా ఎల్‌పీఎస్ లవలేశమున్నా స్పందిస్తాయి. సులువైన పరీక్ష ఒకటుంది. కొంత టీఎన్‌ఎఫ్‌ను 95 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉడికించి వేయండి. టీఎన్‌ఎఫ్ ప్రోటీన్ కాబట్టి చచ్చిపోతుంది, ఎల్‌పీఎస్ తట్టుకుంటుంది. ఉడికించినది కూడా ఐఎల్-6 పుట్టిస్తే మీ సీసాలో ఎల్‌పీఎస్ ఉన్నట్టే. మూడో అనుమానితుడు మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియా. సూక్ష్మదర్శినిలో కనబడదు, పీసీఆర్ చేయించాలి. ఒక్కొక్కరికి ఒక్కో ఫలితం అన్నారు కాబట్టి ఒకే దాత కణాలే అందరూ వాడారా, పాసేజ్ ఒకటేనా అన్నది ముందు తేల్చుకోండి. దాతకూ దాతకూ తేడా చాలా ఎక్కువ, ఏ కీలు నుంచి తీశారన్నదానితో కూడా మారుతుంది.

కంట్రోల్‌గా ఆస్టియోఆర్థ్రైటిస్ కణాలు వాడితే వాటిని మామూలు కణాలు అని రాయకండి. అవీ మంట చూసిన కణాలే.

నలుపుతెలుపు:

ఎలీసా (యాంటీబాడీలతో ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) గురించి ఎవరూ అనలేదు. కీలు ద్రవంలో నేరుగా కొలిచేటప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి కదా?

పెట్రీడిష్:

అవును, మరిచాను. రుమటాయిడ్ నమూనాకు ప్రత్యేకమైన గండం రుమటాయిడ్ ఫ్యాక్టర్. అది యాంటీబాడీల కాండాన్ని పట్టుకునే యాంటీబాడీ కదా. ఎలీసాలో కింద అంటించిన యాంటీబాడీనీ పైన వేసిన యాంటీబాడీనీ అదే వంతెనలా కలిపేస్తుంది. మధ్యలో టీఎన్‌ఎఫ్ లేకపోయినా రంగు వస్తుంది. ఆ వంతెనను ఆపే నిరోధక ద్రావణం కలిపి, కలపకుండా రెండుసార్లు కొలవండి. విలువ బాగా పడిపోతే మొదటిది అబద్ధం. రెండోది, ద్రవం జిగటగా ఉంటే పిపెట్ సరిగ్గా తీసుకోదు, రుమటాయిడ్ ద్రవం పలచబడినా ఎలీసాకు ఆ జిగట చాలు. హయలురోనిడేజ్ వేసి 37 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైది తీయండి. ఐఎల్-6 కీలు ద్రవంలో మి.లీ.కు వేల పికోగ్రాముల్లో ఉండొచ్చు, టీఎన్‌ఎఫ్ మాత్రం చాలా తక్కువ. ఒకే పలుచన రెండింటికీ సరిపోదు. ఐఎల్-6కు 10 రెట్ల నుంచి 1,000 రెట్ల దాకా మెట్లు మెట్లుగా పలచబరచండి. తెలిసినంత ప్రామాణిక ప్రోటీన్ కలిపి తిరిగి 80 నుంచి 120 శాతం వస్తోందో లేదో చూసుకోండి, రాకపోతే ఆ నమూనా లెక్కలోకి తీసుకోవద్దు.

రక్తంలో టీఎన్‌ఎఫ్ కనబడలేదని కీలులో కూడా లేదనుకోవద్దు. అది తోటి కణానికి చెప్పే సంకేతం, ఊరంతా చాటింపు కాదు.

కీలుబొమ్మ:

ఒకటి మిగిలింది. టీఎన్‌ఎఫ్ ఆపేస్తే అన్నీ ఆగాలి కదా, మందు మానేస్తే జబ్బు తిరిగి ఎందుకు వస్తుంది? ఇంకా, ఐఎల్-1 మృదులాస్థికి అంత చెడ్డదైతే దాన్ని అడ్డుకునే అనాకిన్రా ఎందుకు అంత పనిచేయలేదు?

వాతవైద్యం:

రెండోది ముందు. ఐఎల్-1 చెడ్డదన్న సాక్ష్యం చాలావరకు ఎలుకల నుంచి, డిష్‌ల నుంచి వచ్చింది. మనుషుల్లో అనాకిన్రా రోజూ 100 మి.గ్రా. చర్మం కింద ఇచ్చినా టీఎన్‌ఎఫ్ మందులంత ఫలితం రాలేదు. మందు శరీరంలో కొద్ది గంటలే ఉండడం ఒక కారణం కావచ్చు. కానీ నా లెక్కలో అసలు కారణం రుమటాయిడ్‌లో ఐఎల్-1 టీఎన్‌ఎఫ్‌కు దిగువన ఉండడమే. 1989లో లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీల బృందం రోగుల కీలు కణాలను డిష్‌లో ఉంచి టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకుంటే ఐఎల్-1 కూడా పడిపోయింది. గొలుసులో పై కడియం ఏదో దాంతో తెలిసింది. 1992లో మొదలైన తొలి ఇన్‌ఫ్లిక్సిమాబ్ పరీక్షలో ఉన్నది 20 మంది రోగులే, అయినా ఫలితం చూసి దారి మారింది. ఐఎల్-17 మందులు కూడా అలాగే, సోరియాటిక్ ఆర్థ్రైటిస్‌లో బాగా పనిచేసి రుమటాయిడ్‌లో వెనకబడ్డాయి. డిష్‌లో బాణం ఉన్నంత మాత్రాన రోగిలో అదే ముఖ్యం కానక్కర్లేదు.

మొదటిది ఫైబ్రోబ్లాస్టుల జ్ఞాపకం. మాక్రోఫేజుకు టీఎన్‌ఎఫ్ పదే పదే తగిలితే కొంతసేపటికి మొద్దుబారుతుంది. సైనోవియల్ ఫైబ్రోబ్లాస్ట్ అలా కాదు, రోజుల తరబడి అదే జోరుతో స్పందిస్తుంది. పైగా రోగి కీలు నుంచి తీసి, ఏ మంటా లేని డిష్‌లో పెంచి, రోగనిరోధక శక్తి లేని ఎలుకలో మృదులాస్థి ముక్క పక్కన పెడితే అప్పటికీ అందులోకి చొచ్చుకుపోతుంది. డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు మారిపోయి ఉంటాయి. ఇంకో చిత్రమేమిటంటే ఈ ఫైబ్రోబ్లాస్టుల్లో కూడా పని విభజన ఉంది. ఎలుకల్లో థై1 అనే గుర్తు లేని లోపలి వరస కణాలు మృదులాస్థి, ఎముక నష్టానికీ, థై1 ఉన్న కింది వరస కణాలు వాపుకూ కారణమని 2019లో తేలింది. మీ మొదటి ప్రశ్నకు కణాల స్థాయిలో జవాబు అదే.

ఇప్పుడున్న మందుల్లో ఆ జ్ఞాపకాన్ని చెరిపేది లేదు. అందుకే మానడం ఒక్కసారిగా కాదు, మెల్లగా, అదీ పవర్ డాప్లర్‌లో రంగు లేనప్పుడే. ఇంకో రెండు ఆచరణ సంగతులు. డెనోసుమాబ్ మొదలుపెట్టి మధ్యలో ఆపితే, లేదా 6 నెలల ఇంజెక్షన్ బాగా ఆలస్యమైతే, నిలబెట్టి ఉంచిన ఆస్టియోక్లాస్టులన్నీ ఒక్కసారిగా లేచి వెన్నుపూసలు విరగొచ్చు, కాబట్టి వేరే ఎముక మందు వెంటనే మొదలుపెట్టకుండా ఆపకూడదు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, 7.5 నుంచి 25 మి.గ్రా. రోజూ వేసుకుంటే మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద వారంలో ఏ రోజో పేరుతో రాయాలి. నోటి ద్వారా 15 మి.గ్రా. దాటితే పేగు పూర్తిగా పీల్చుకోదు, పనిచేయలేదని కొట్టేసే ముందు చర్మం కింద ఇచ్చి చూడాలి. పని కనబడడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది.

కీలుబొమ్మ:

అర్థమైందండి. ముందు మా టీఎన్‌ఎఫ్ సీసాలోంచి కొంత తీసి ఉడికించి చూస్తాం, సీడీ14 కూడా వేస్తాం. ఫలితం ఇక్కడే రాస్తాను.

పెట్రీడిష్:

ఉడికించిన దానితో పాటు ఉడికించని దాన్నీ అదే రోజు, అదే పాసేజ్ మీద పెట్టండి. వేరే రోజుది పోల్చితే మళ్ళీ మొదటికే వస్తారు.